ప్రాణం తీసినా నేరం కాదా?

ఏరా,

ఎలా ఉన్నావ్? ఆ రోజు ఫోన్‌లో "ఆత్మరక్షణ అన్నావంటే చాలు, కోర్టు వదిలేస్తుంది" అని తేల్చేశావు కదా. అంత సులువేం కాదురా.

కత్తితో మీదికొస్తున్నవాణ్ణి ఆపబోతే వాడు చచ్చినా దాదాపు ఏ దేశంలోనైనా చట్టం నీ పక్కనే ఉంటుంది. కానీ వాడు వెనక్కి తిరిగి పారిపోయాడనుకో, ఇక ఆ హక్కు లేదు. వెంటపడి పొడిస్తే హత్యే. 1999లో ఇంగ్లండ్‌లో ఒక రైతు ఇంట్లో దూరిన దొంగలను కాల్చాడు. 16 ఏళ్ల కుర్రాడు పోయాడు. జ్యూరీ హత్యేనంది. అప్పీల్లో అతని మానసిక స్థితి చూసి నేరాన్ని తగ్గించారు గానీ, ఆత్మరక్షణ వాదన మాత్రం నిలబడలేదు.

ఇక సైనికులు, తలారులు అంటావా, వాళ్లది వేరే లెక్క, ఇప్పుడొద్దు. నన్ను పట్టుకుని వదలనిది 1884 నాటి మిగ్నొనెట్ కేసు. మిగ్నొనెట్ అనే ఆ ఇంగ్లిష్ ఓడ మునిగి నలుగురు చిన్న పడవలో నడిసముద్రంలో చిక్కుకున్నారు. తిండికి రెండు డబ్బాల టర్నిప్‌లు, మధ్యలో దొరికిన ఒక తాబేలు. తాగడానికి వాన కురిస్తేనే నీళ్లు. 17 ఏళ్ల పార్కర్ ఉప్పునీళ్లు తాగి లేవలేని స్థితిలో పడున్నాడు. ఇరవయ్యో రోజున కెప్టెన్ డడ్లీ దేవుణ్ణి ప్రార్థించి మరీ వాడి గొంతు కోశాడు. మిగతా ఇద్దరిలో స్టీఫెన్స్ సరేనన్నాడు, బ్రూక్స్ ఒప్పుకోలేదు. తినడం మాత్రం ముగ్గురూ తిన్నారనుకో! నాలుగు రోజులకు ఓ ఓడ వచ్చి కాపాడింది.

ఒడ్డుకు చేరాక వాళ్లేమీ దాచలేదు. ఆకలికి చేసిన పని కదా, తప్పేముందనుకున్నారు. కోర్టు డడ్లీకి, స్టీఫెన్స్‌కు మరణశిక్ష వేసింది, తర్వాత దాన్ని ఆరు నెలల జైలుకు తగ్గించారు. ఎవరి ప్రాణం తక్కువో తేల్చేదెవరు, బలహీనుడే ఎందుకు చావాలి అన్నది జడ్జీల ప్రశ్న. పార్కర్ ఎవరి మీదికీ రాలేదు కదరా! కత్తితో మీదికొచ్చినవాడి కేసుకీ దీనికీ తేడా అక్కడే ఉంది.

2006లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానమూ దాదాపు ఇదే దారిలో వెళ్లింది. హైజాకర్లు ఆయుధంగా వాడబోయే విమానాన్ని, అందులో అమాయక ప్రయాణికులుంటే, సైన్యం కూల్చేయడానికి వీల్లేదంది. కింద వేలమంది ఉన్నా సరే! ఇది చదివాక మాత్రం నాకూ బుర్ర తిరిగింది.

పడవలో ఎవరు చావాలో చీటీలు వేసుకుని ఉంటే సరిపోయేదని నువ్వంటావని తెలుసు. నా లెక్కలో అప్పుడూ హత్యే, ఆరు నెలల శిక్షా సబబే. కాదంటే ఉత్తరమే రాయి. ఫోన్‌లో నన్ను నోరెత్తనివ్వవు.

నీ
మొండి స్నేహితుడు