బ్యాట్ ధర తర్వాత, ముందు దాని మీది ముద్ర చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ ప్రవాసుల పేజీలో అమెరికాలో బేస్‌బాల్ ఆడుతున్న మన పిల్లల గురించి రాసింది చదివాను, బాగుంది. కానీ మంచి కాంపోజిట్ (కార్బన్ ఫైబర్‌తో చేసే) బ్యాట్ కొనిస్తే పిల్లాడి ఆటే మారిపోతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడే నాకు పేచీ. ఇక్కడ న్యూజెర్సీలో మార్చి వచ్చిందంటే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల. ఫలానా వాళ్లబ్బాయి మూడొందల యాభై డాలర్ల బ్యాట్‌తో వచ్చాడట, మనమూ కొనాలా, కొనకపోతే పిల్లాడు వెనకబడిపోతాడా అని ఒకటే టెన్షన్. ఊళ్లో ఉన్న తాతయ్యలు కూడా పుట్టినరోజుకి బ్యాట్ కొనుక్కోమని డబ్బు పంపుతున్నారు కాబట్టి, మీ పేపర్లో దీని గురించి కాస్త వివరంగా రావాల్సిందే.

అన్నిటికంటే ముందు మీ అబ్బాయి ఏ లీగ్‌లో ఆడుతున్నాడో కనుక్కోండి. పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్‌లో 2018 జనవరి 1 నుంచి యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర, అంటే ఆ సంస్థ ప్రమాణానికి సరిపోయిందని చెప్పే గుర్తు, ఉన్న బ్యాట్లనే ఒప్పుకుంటున్నారు (ఒకే చెక్కలో చేసిన బ్యాట్‌కైతే ఆ ముద్ర అక్కర్లేదు). ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ టీముల టోర్నమెంట్లలో ఎక్కువగా కనిపించేది యూఎస్ఎస్ఎస్ఏ అనే ఇంకో సంస్థ ముద్ర, దాంట్లో 1.15 బీపీఎఫ్ (బ్యాట్ జోరుని చెప్పే కొలత) అని ఉంటుంది, బంతి దాని మీంచి ఇంకాస్త జోరుగా పోతుంది కాబట్టి లిటిల్ లీగ్‌లోకి రానివ్వరు. హైస్కూలుకి వెళ్తే మళ్లీ బీబీకోర్ అనే ఇంకో ప్రమాణం, దాని ముద్ర వేరే. షాపులో ఇవన్నీ పక్కపక్కనే వేలాడుతుంటాయి, కొత్తవాళ్లకి తేడా తెలియదు. మ్యాచ్‌కి ముందు అంపైర్ బ్యాట్లన్నీ కంచెకి ఆనించి పెట్టించి, ఒక్కోటీ తిప్పి ముద్ర చూస్తాడు, లోహపు రింగులోంచి దూర్చి లావు చూస్తాడు, పగుళ్లున్నాయేమోనని వేళ్లతో తడుముతాడు. పోయిన సీజన్లో మా అబ్బాయి టీములో ఓ పిల్లాడి కొత్త బ్యాట్‌ని అలాగే పక్కన పెట్టేశారు. అటు ఆట మొదలైపోయింది, వాళ్ల నాన్నేమో కారు డిక్కీలో రసీదు కోసం వెతుక్కుంటున్నాడు.

ముద్ర ఉన్నంత మాత్రాన కూడా నిశ్చింతగా ఉండలేం. ఈస్టన్ కంపెనీ ఘోస్ట్ ఎక్స్ బ్యాట్‌లో 30 అంగుళాలు, 20 ఔన్సుల మోడల్‌కి ఇచ్చిన అనుమతిని యూఎస్ఏ బేస్‌బాల్ వాళ్లు 2018 మే నెలలోనే వెనక్కి తీసుకున్నారు. అందుకని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మోడల్ నంబర్ పట్టుకుని యూఎస్ఏ బేస్‌బాల్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవాలి.

సైజు సంగతి. అంగుళాల్లోంచి ఔన్సులు తీసేస్తే వచ్చేదాన్ని ఇక్కడ డ్రాప్ అంటారు, 29 అంగుళాలు 19 ఔన్సులుంటే డ్రాప్ టెన్. మనవాళ్లకో అలవాటుంది, ఎదిగే పిల్లాడు కదా అని చొక్కా అయినా చెప్పులైనా ఓ సైజు పెద్దది కొనేస్తారు. బ్యాట్ దగ్గర మాత్రం ఆ పని చెయ్యొద్దు. బరువెక్కువైతే బంతి దాటిపోయాక బ్యాట్ తిరుగుతుంది, పిల్లాడు ఔటై వచ్చి ఏడుస్తాడు. ఒంటి చేత్తో బ్యాట్‌ని పక్కకి చాచి పట్టుకోమనండి, అర నిమిషం లోపే కొస కిందికి వాలిపోతే అది వాడికి బరువన్నమాట.

ఇక కాంపోజిట్ గురించి. కార్బన్ ఫైబర్ పొరల్ని రెజిన్ అనే జిగురులాంటి పదార్థంతో అతికించి చేస్తారు. బంతి సరిగ్గా తగలకపోయినా చేతులు అంతగా జివ్వుమనవు, గట్టిగా తగిలే భాగం కూడా కాస్త ఎక్కువ, అది నిజమే. కానీ కొన్నరోజే దాని పూర్తి సత్తా బయటికి రాదు. కొత్త క్రికెట్ బ్యాట్‌ని మ్యాలెట్‌తో కొట్టి సిద్ధం చేసినట్టే దీన్నీ సిద్ధం చేయాలి. టీ (బంతిని నిలబెట్టే చిన్న స్టాండు) మీద బంతి పెట్టి, మామూలు లెదర్ బంతులతోనే, ప్రతి దెబ్బకీ బ్యాట్‌ని కొంచెం తిప్పుతూ, నూటయాభై నుంచి రెండొందల దెబ్బలు కొట్టాలి. బ్యాటింగ్ కేజ్ మెషిన్లలో వాడే గట్టి ప్లాస్టిక్ బంతులు దీనికి పనికిరావు. అంత ఓపిక లేక కొందరు యంత్రంలో పెట్టి రోలర్ల మధ్య నొక్కించుకొస్తారు, అది రూల్‌కి విరుద్ధం, వారంటీ కూడా పోతుంది. వాడిన కొద్దీ ఈ బ్యాట్లు పరిమితి దాటి కొడుతున్నాయని 2010 చివర్లో లిటిల్ లీగే కాంపోజిట్‌ని తాత్కాలికంగా ఆపేసింది, ఇప్పటి ప్రమాణాలు ఆ తర్వాత వచ్చినవే.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి చలి. సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే కాంపోజిట్ వాడొద్దని కంపెనీలే చెప్తాయి, ఎందుకంటే చలికి రెజిన్ పెళుసెక్కుతుంది, బంతి కూడా గట్టిపడుతుంది. మా దగ్గర సీజన్ మొదలయ్యేదే ఏప్రిల్లో, సాయంత్రం మ్యాచ్‌లకి స్వెట్టర్ మీద జాకెట్ వేసుకుని కూర్చుంటాం మేము. అలాంటి రోజుల్లో ముందు పెయింట్ మీద సన్నటి గీతలు వస్తాయి, ఆ తర్వాత చప్పుడు మారుతుంది, అప్పటిదాకా ఖణేల్‌మన్నది కాస్తా కుండ పగిలినట్టు డబ్‌మంటుంది. అక్కడితో ఆ బ్యాట్ పని సరి. టెక్సస్‌లోనో ఫ్లోరిడాలోనో ఉన్నవాళ్లకి ఈ బాధ తక్కువే లెండి.

నన్నడిగితే పదేళ్లలోపు పిల్లలకి అల్లాయ్, అంటే అల్యూమినియం మిశ్రమలోహపు బ్యాట్, చాలు. సగం కంటే తక్కువ ధరకి దొరుకుతుంది, కొన్నరోజే వాడొచ్చు, చలికి భయపడక్కర్లేదు, మహా అయితే సొట్ట పడుతుంది. పైగా ఆ వయసులో ఏడాదికో రెండేళ్లకో సైజు మారిపోతుంది. పదకొండు, పన్నెండేళ్లొచ్చి, ఎవరూ చెప్పకుండా వాడంతట వాడే ప్రాక్టీస్‌కి వెళ్తున్నాడంటే అప్పుడు కాంపోజిట్ చూడండి, బిల్లు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి, వారంటీ సాధారణంగా ఏడాదే, అది కూడా మొదట కొన్నవాళ్లకే.

మళ్లీ ఈ విషయం రాసేటప్పుడు ఆ మూడు ముద్రల ఫొటోలు పక్కపక్కనే వేయండి సార్, డబ్బు పంపే తాతయ్యలకీ షాపుకెళ్లే నాన్నలకీ ఇద్దరికీ పనికొస్తుంది.

ఇట్లు
ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ