నువ్వు చంపించింది కట్లపాము కాదురా

ఒరేయ్ రమణా,

నిన్న రాత్రి పదకొండున్నరకి నువ్వు పంపిన ఫోటో చూశాను. "కట్లపామురా, బాత్రూమ్ వెంటిలేటర్లోంచి దిగింది, వాచ్‌మన్ కొట్టేశాడు, పిల్లలకి ఇంకా వణుకు తగ్గలేదు" అని కింద రాశావు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఆ టెన్షన్లో ఉన్నవాడికి "అది కట్లపాము కాదు" అని చెబితే నన్నే తిడతావని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, కాఫీ పెట్టుకుని చదువు.

ఆ ఫోటో పెద్దది చేసి ఇంకోసారి చూడు. ఒళ్ళు గోధుమ రంగు, నలుపు కాదు. మెడ వెనకాలే వెడల్పాటి లేత పసుపు పట్టీ ఉంది కదా, అక్కణ్ణించి వరసగా పట్టీలు వచ్చి తోక దగ్గరికి పోయేసరికి చెరిగిపోయాయి. కట్లపాముకి ఇది తిరగేసి ఉంటుంది. తల వైపు పట్టీలు ఉండవు, ఉన్నా మసకగా ఉంటాయి, వెనక్కి పోయేకొద్దీ సన్నటి తెల్ల గీతలు జంటలు జంటలుగా తేటపడతాయి, ఒళ్ళు నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతుంది. నీ ఇంటికి వచ్చినదాన్ని ఇంగ్లీషులో వుల్ఫ్ స్నేక్ అంటారు, ముందు పళ్ళు తోడేలు పళ్ళలా పెద్దవి కాబట్టి. పట్టుకుంటే కరుస్తుంది, రక్తం వస్తుంది, విషం మాత్రం లేదు. దాని తిండి బల్లులు. మీ వెంటిలేటర్ పక్కన ట్యూబ్‌లైటు, దానికి పురుగులు, పురుగులకి బల్లులు, బల్లుల కోసం ఇది. పాపం అది నీ కోసం రాలేదు.

ఒక్క మెలిక ఉంది, దాచను. కట్లపాము పిల్లకి ముందు వైపు కూడా పట్టీలు బాగానే కనిపిస్తాయి. అందుకే జానెడు పాము చారలతో కనిపిస్తే నేను కూడా "ఇది ఫలానా" అని తేల్చి చెప్పను, దూరం జరుగుతాను. అది నేను నేర్చుకున్న మొదటి పాఠం, రెండోది మా నాన్న గడ్డివాము దగ్గర నేర్పాడు. నేర్పాడు అనకూడదేమో, ఆయన తప్పు చేశాడు, నేను నేర్చుకున్నాను.

మా పాత ఇంటి దొడ్డి గుర్తుందా, నువ్వు గేదె తోక పట్టుకుని పడ్డావే, అక్కడే. గడ్డివాములోంచి ఆరడుగుల పాము బయటికొచ్చింది. నాన్న "నాగుపాము" అని కేకేశాడు, నలుగురు కర్రలతో వచ్చారు, రెండు నిమిషాల్లో అయిపోయింది. అప్పుడు మా పాలేరు వచ్చి చూసి, "అయ్యో జెర్రిపోతు కదండీ" అన్నాడు. ఆ ఏడాది ఎలుకలు వడ్ల బస్తాలన్నీ కొరికి పెట్టాయి. ఒక్క పాము వల్లే అని నేను ప్రమాణం చెయ్యను గానీ, అమ్మ మాత్రం ఇప్పటికీ అలాగే అంటుంది.

జెర్రిపోతుకి పడగ ఉండదు. కళ్ళు పెద్దవి, మెడ సన్నం, పై పెదవి మీద పెన్నుతో గీసినట్టు నిలువు నల్ల గీతలుంటాయి. పగటి పూట తిరుగుతుంది, మనల్ని చూస్తే బాణంలా పారిపోతుంది. నాగుపాము పడగ విప్పకపోతే దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, నాన్నని తప్పుపట్టలేను. ఇంకో నమ్మకం ఉంది చూడు, జెర్రిపోతు నాగుపాముకి మగది అని. పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఇది వాదించేవాళ్ళున్నారు. రెండు పాములు పెనవేసుకుని పైకి లేచి ఊగుతుంటే జనం దండం పెడతారు కదా, చాలాసార్లు అవి రెండు మగ జెర్రిపోతులు, కుస్తీ పడుతున్నాయంతే.

నీరుకట్టె సంగతి నీకు చెప్పక్కర్లేదు, కాలవలో నన్ను కరిచినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు, పారిపోయావు కూడా. గళ్ళ గళ్ళ ఒళ్ళు, కంటి కింద రెండు ఏటవాలు నల్ల గీతలు. కోపమొస్తే మెడ చదును చేసి పడగలా నటిస్తుంది, మీద పడి కరుస్తుంది, విషం లేదు. నన్ను భుజాన వేసుకుని మంత్రగాడి దగ్గరికి పరిగెత్తారు. ఆయన వేపమండలు విసిరి గంటలో బాగు చేశాడని ఊరంతా చెప్పుకుంది. అసలు విషమే లేని పాముకి మంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది రా! ఆయన పేరు నిలబెట్టింది ముప్పాతిక వంతు నీరుకట్టెలే అని నా లెక్క. ఆ పేరు విని ఎవరో నిజంగా కట్లపాము కరిచినవాణ్ణి అక్కడికే తీసుకుపోతే ఏమవుతుందో అన్నదే నా భయం.

మీ షాద్‌నగర్ వైపు రాళ్ళు, తుప్పలు ఎక్కువ కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. తలకీ తోకకీ తేడా తెలియకుండా మొద్దుగా, ఎర్రమట్టి రంగులో ఉండేది రెండు తలల పాము. దానికి రెండు తలలూ లేవు, విషమూ లేదు, కోట్ల రూపాయల రేటూ లేదు. అమ్మబోయినవాళ్ళు కేసుల్లో ఇరుక్కున్న వార్తలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. దాని చుట్టం ఇంకోటుంది, మచ్చల మచ్చలుగా, లావుగా, పొట్టి తోకతో. అదీ విషం లేనిదే గానీ అచ్చం రక్తపింజరలా కనిపిస్తుంది. రక్తపింజర వీపు మీద గొలుసులా గుండ్రటి మచ్చలు మూడు వరసలు, మెడకంటే బాగా వెడల్పైన తల, దగ్గరికెళితే కుక్కర్ ఆవిరిలా బుస. ఈ జంట విషయంలో మాత్రం తెలివి చూపించకు. పొరబడితే వేలు పోతుంది, ప్రాణమూ పోవచ్చు.

"తల త్రికోణంగా ఉంటే విషం" అని వాట్సాప్‌లో తిరుగుతుంది చూడు, దాన్ని మర్చిపో. నాగుపాముకీ కట్లపాముకీ తల త్రికోణం కాదు. నీరుకట్టె మాత్రం బెదిరితే తల చదును చేసి త్రికోణంలా కనిపిస్తుంది. పది పాములు నేర్చుకునే బదులు ప్రాణం తీసే ఈ నాలుగు విషప్పాముల్ని బాగా గుర్తుపెట్టుకో: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఆ నాలుగోది అడుగు, అడుగున్నరే ఉంటుంది, చుట్ట చుట్టుకుని పొలుసులు రుద్ది రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది.

పాప పూలకుండీలో వానపాములాంటిది నల్లగా మెరుస్తూ కదిలిందని భయపడింది అన్నావు. గుడ్డిపాము అయ్యుంటుంది, చీమల గుడ్లు, చెదపురుగులు తింటుంది. వాటిలో అన్నీ ఆడవే, మగ లేకుండానే పిల్లలొస్తాయి. చెల్లెమ్మకి చెప్పు, నవ్వుకుంటుంది. ఇక కరివేపాకు చెట్టు మీద ఆకుపచ్చ తాడులా వేలాడేది పసిరిక పాము. కళ్ళు పొడుస్తుందని మా నానమ్మ మమ్మల్ని ఆ చెట్టు కిందకి రానిచ్చేది కాదు. దాని విషం బల్లులకి చాలు, మనిషి ప్రాణానికి ముప్పు లేదు, కళ్ళ మీద దానికి ప్రత్యేకమైన పగేమీ లేదు.

ఈ మధ్య ఒకటి తెలిసి ఆశ్చర్యపోయాను. 1780ల్లో విశాఖపట్నంలో పాట్రిక్ రసెల్ అని ఒక డాక్టరు ఉండేవాడు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఇక్కడి పాముల్ని సేకరించి, మనవాళ్ళు చెప్పిన పేర్లతో సహా రాసుకుని, 1796లో అచ్చు వేయించాడు. రక్తపింజరకి ఆయన రాసుకున్న పేరు "కాటుక రేకుల పొడ". ఎంత బాగుంది చూడు! కట్లపాము జాతికి శాస్త్రవేత్తలు వాడే బంగారస్ అనే పేరు కూడా మన బంగారం నుంచి వెళ్ళిందే. అప్పట్లో మనవాళ్ళు దేన్ని చూసినా దాని పేరు పెట్టి పిలిచేవాళ్ళు, ఇప్పుడు మన దగ్గర మిగిలినవి రెండే పేర్లు: పాము, చచ్చిన పాము.

ఈసారి కనిపిస్తే ఇలా చెయ్యి. పిల్లల్ని వేరే గదిలోకి పంపి తలుపెయ్యి, దూరం నుంచే జూమ్ చేసి ఫోటో తియ్యి, ఒకడు దాని మీద కన్నేసి ఉంచాలి, మాయమైతే మాత్రం రాత్రంతా నిద్ర ఉండదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళున్నారు, పట్టుకుని తీసుకెళ్ళి అడవిలో వదులుతారు, వాళ్ళ నంబరు ఇప్పుడే ఫ్రిజ్ మీద అంటించు. పాము చావకుండా కర్ర విరగకుండా అంటారే, మనకి అక్షరాలా అదే కావాలి.

ఎవరినైనా కరిస్తే మాత్రం "విషం లేనిదేలే" అని నా ఉత్తరం చూసి కూర్చోకు. కట్లపాము కాటు నిద్రలో తెలియను కూడా తెలియదు, నొప్పి ఉండదు, వాపు ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. కోయడం, కట్టు బిగించడం, పీల్చడం ఏమీ వద్దు, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా పెద్ద ఆసుపత్రికి పట్టుకెళ్ళు. కింద పడుకునే అలవాటు మాని మంచం మీద దోమతెర కట్టుకో. వెంటిలేటర్‌కి సన్నటి జాలీ ఈ ఆదివారమే కొట్టించు, బాత్రూమ్ పైపు చుట్టూ సందు ఉంటే సిమెంటు పెట్టించు.

వాచ్‌మన్‌ని ఏమీ అనకు, ఆయన నీ పిల్లల కోసమే కొట్టాడు. ఫోటోలో తేడా చూపించు చాలు, నాకంటే త్వరగా పట్టేస్తాడు. సంక్రాంతికి వస్తున్నారు కదా, నువ్వు పారిపోయిన కాలవ గట్టు మీదకే తీసుకెళతాను, ఈసారి నువ్వు ముందు నడు.

నీ
శీను