మంచాన పడ్డ పెద్దలకు ఇంటి సేవ: కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

హన్మకొండలోని మన కాలనీలో, చుట్టుపక్కల వీధుల్లో మంచాన పడ్డ పెద్దల ఇళ్లకు మన వాలంటీర్లు ఈ ఏడాది కూడా వెళ్లారు. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం కాబట్టి ఇక్కడ పని గురించే రాస్తున్నాం.

పక్షవాతం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు జబ్బు, ముదిరిన క్యాన్సర్. మనం వెళ్లే ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి ఇవే. పిల్లలు హైదరాబాద్‌లోనో, దేశం బయటో ఉంటారు. చూసుకునేది ఒక్క మనిషి, ఆమె కూడా అరవై దాటిన భార్యో, మోకాళ్ల నొప్పులున్న కోడలో. ఆమె మందుల షాపుకు పోవాలన్నా, తన బీపీ చూపించుకోవాలన్నా, తలస్నానం చేయాలన్నా మంచం దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. మన సేవలో మొదటి పని అదే, వారానికి రెండుసార్లు రెండేసి గంటలు ఆమెకు విడుపు దొరకాలి. పండ్లు, దుప్పట్లు ఇచ్చే దాతలు వస్తూనే ఉన్నారు. పదింటికి వస్తానని చెప్పి పదింటికే గడప ఎక్కే మనిషి దొరకడం కష్టంగా ఉంది. మనం రాకపోతే ఆమె దవాఖాన పని ఆ రోజుకు ఆగిపోతుంది. అందుకే రాలేనివాళ్లు ముందురోజు సాయంత్రం లోపు చెప్పాలనే నియమాన్ని గట్టిగా పట్టుకున్నాం, ఇకముందూ పట్టుకుంటాం.

ఇంటికి ఇద్దరు కలిసే వెళ్తారు. అవ్వ ఉన్న ఇంటికైతే వారిలో ఒకరు తప్పకుండా ఆడమనిషి. ఏటీఎం కార్డు, ఓటీపీ, బ్యాంకు పాస్‌బుక్కు ముట్టుకోరు. ఆస్తి కాగితాల మీద సాక్షి సంతకం పెట్టరు. మందుల మోతాదు మార్చరు, ముక్కు గొట్టం వేయరు, పీకరు. మూత్రం సంచి మాత్రం చూస్తారు: సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు, గొట్టం మెలికపడకూడదు, మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయాలి.

ఇక పడక పుండ్ల సంగతి. ఎక్కువ శ్రమ దీనిమీదే పెట్టాం, ఎందుకంటే పుండు పడ్డాక మాన్పడానికి నెలలు పడుతుంది. ఎముక, పరుపు మధ్య నలిగి చర్మానికి రక్తం అందకపోవడమే దానికి మూలం. రెండు గంటలకోసారి ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క తిప్పాలి. పక్కకు తిప్పినప్పుడు నిలువుగా తుంటి మీద పడుకోబెట్టకుండా, వీపు వెనక దిండు పెట్టి కొంచెమే వాల్చాలి, 30 డిగ్రీలు చాలు. మడమల కింద దిండు పెట్టొద్దు. పిక్కల కింద పెడితే మడమలు గాలిలో తేలతాయి. తిప్పిన ప్రతిసారీ నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, చెవి అంచు చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటిమీద ఎరుపు కనిపించదు కాబట్టి చేయి పెట్టి చూడాలి, పక్క చర్మం కంటే వేడిగా, గట్టిగా తగులుతుంది. అక్కడ నూనె పెట్టి రుద్దడం మన ఇళ్లలో పాత అలవాటు, ప్రేమతోనే చేస్తారు, కానీ లోపల నలిగిన కండ ఇంకా చెడుతుంది. మధ్యలో రంధ్రమున్న గాలి రింగు కూడా వద్దు, దాని అంచు చుట్టూ ఒత్తి రక్తాన్ని ఆపేస్తుంది.

కిందికి జారిన మనిషిని చంకల్లో చేతులు వేసి పైకి లాగితే చర్మం పరుపుకు అంటుకుపోయి లోపలి పొరలు చిట్లుతాయి. పాత నూలు దుప్పటిని మడిచి భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి ఉంచాలి. ఇద్దరు చెరోపక్క అంచులను ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒక్క మాట మీద లేపి జరపాలి.

ఎయిర్ బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) ఉన్న ఇళ్లలోనూ పుండ్లు కనిపించాయి. కారణాలు చిన్నవే. దాన్ని దూది పరుపు కింద వేశారు, లేదా పైన రెగ్జిన్ షీటు, రెండు దుప్పట్లు కప్పారు. అది పరుపు మీద ఉండాలి, పైన ఒక్క పల్చని దుప్పటే. నడుము భాగంలో ఎయిర్ బెడ్ కిందికి అరచేయి దూర్చి చూడండి, మనిషికీ చేతికీ మధ్య అంగుళం మందం గాలి తగలకపోతే పంపు చాలడం లేదన్నమాట. గొట్టం మంచం కోడు కింద నలిగిందేమో మొదట అదే చూడాలి. కరెంటు పోతే గాలి దిగుతుంది, అందుకే కింద మూడు నాలుగు అంగుళాల ఫోమ్ పరుపు ఉండటం మంచిది. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం మాత్రం మానకూడదు.

అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. పక్షవాతం వచ్చినవారికి నీళ్లే ఎక్కువ పొలమారతాయి, గటక, చిక్కటి జావ సులువుగా దిగుతాయి. ఎండాకాలం మన దగ్గర 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఓఆర్ఎస్ పంచాం. లీటరు ప్యాకెట్టును పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి, 24 గంటల్లో వాడాలి. గ్లాసుకు కొంచెం కొంచెం పోసుకుంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి డాక్టరును అడగకుండా ఇవ్వలేదు.

సామాన్ల విషయంలో మాకు బాధే మిగిలింది. వాకర్లు, కమోడ్ కుర్చీలు అరువు తీసుకున్నవారు పని అయిపోయినా తిరిగి ఇవ్వడం లేదు, వేచి ఉన్న ఇల్లు వేచి ఉంటూనే ఉంది. వచ్చిన వాకర్లలో కొన్నింటికి కాళ్ల రబ్బరు బుష్‌లు అరిగి ఇనుము బయటపడింది, అవి తడి టైల్స్ మీద జారతాయి. ఇచ్చే ముందు బుష్‌లు మార్చి, మనిషి నిలబడి చేయి వేలాడేసినప్పుడు మణికట్టు ఎత్తుకు పిడి వచ్చేలా సరిచేసి ఇస్తున్నాం.

పింఛను పనిలో ఎక్కువసార్లు ఎదురైంది వేలిముద్ర పడకపోవడం. వేళ్లు సబ్బుతో కడిగి, తుడిచి, పది వేళ్లూ ప్రయత్నించాలి. అప్పటికీ పడకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. పక్షవాతంతో ఉన్న చాలామంది వృద్ధాప్య పింఛను 2,016 రూపాయల దగ్గరే ఆగిపోయారు. సదరం పరీక్షలో (వైకల్యం శాతం తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్ష) 40 శాతం, ఆపైన వైకల్యం తేలితే దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు, అది 4,016. ఆ పరీక్షకు స్లాటు ఎలా తీసుకోవాలో మీ సేవలో అడగొచ్చు. పిల్లలు పట్టించుకోని పెద్దలకు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఉంది. ముందుగా మాట్లాడాలంటే 14567 ఎల్డర్ లైన్ (పెద్దల సహాయ ఫోను) ఉంది, ఫోను ఖర్చు లేదు.

వరద జాబితా కొత్తగా చేశాం. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నగరంలో లోతట్టు కాలనీలు ఎలా మునిగాయో అందరికీ తెలుసు. కింది అంతస్తులో లేవలేని మనిషి ఉన్న ప్రతి ఇంటికీ పై అంతస్తులో ఒప్పుకున్న ఇల్లు, మోయడానికి నలుగురు, చేతులున్న గట్టి కుర్చీ ఒకటి రాసి పెట్టాం. వారం రోజుల మందులు, డాక్టరు చీటీలు, ఆధార్ నీళ్లు చొరని సంచిలో తలదిక్కున ఉండాలి. భారీ వర్షం హెచ్చరిక వస్తే వెలుతురుండగానే పైకి చేర్చాలి, నీళ్లు గడప దాకా వచ్చాక మోయడం మోసేవాళ్లకూ, లేవలేని మనిషికీ ప్రమాదం.

వచ్చే ఏడాదికి మగ వాలంటీర్లు ఉదయం వేళకు చాలా తక్కువ ఉన్నారు. తాతలకు స్నానం చేయించే పని ఆగిపోతోంది. రాగలిగినవారు వారంలో ఒక్క రోజు పేరు రాయించండి, మనిషిని తిప్పడం, అన్నం పెట్టడం, చేతులు కడగడం ఒక పూటలో నేర్పిస్తాం. అరువు వాకరు, కుర్చీ ఇంట్లో ఉన్నవారు ఫోను చేస్తే మేమే వచ్చి తీసుకెళ్తాం, కడగకపోయినా పర్వాలేదు.