బైలకుప్పె నుంచి బాలాపూర్ దాకా

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్లో "శరణార్థులకు మన దేశంలో ఏదో ఒక చట్టం ఉండే ఉంటుందిలే" అన్నావు చూడు, లేదురా. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. అలాగని వచ్చినవాళ్ళందరినీ తరిమేశామా అంటే అదీ లేదు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో లెక్క. నా బాధంతా అక్కడే.

ఈమధ్య పిల్లలతో బైలకుప్పె వెళ్ళాం, మైసూరు దాటాక కుశాలనగర్ పక్కన. ఎటు చూసినా మొక్కజొన్న చేలు, మధ్యలో బడి, ఆసుపత్రి, గుళ్ళు. నెహ్రూ అడిగితే అప్పటి మైసూరు ప్రభుత్వం టిబెట్ వాళ్ళకి సుమారు 3,000 ఎకరాలు ఇచ్చింది. అడవి కొట్టి సాగు చేసుకున్నారు. మేం మోమోలు తిన్న హోటల్ ఓనర్ కన్నడం గలగలా మాట్లాడుతున్నాడు. మాటల్లో తన ఆర్‌సీ, అంటే టిబెట్ వాళ్ళకి ఇక్కడ ఉండటానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, తీసి చూపించాడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, అయినా గడువు తీరేలోపు ఆ కాగితం రెన్యువల్ చేయించుకోవాల్సిందే. అన్నీ ఇచ్చినచోటే ఇంత టెన్షన్!

మరి మీ హైదరాబాద్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లింల సంగతి? గుడిసెల్లో ఉంటూ, చిత్తు సామాను ఏరుకుని బతుకుతున్నారు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు ఉన్నా, మన ప్రభుత్వం దాన్ని లెక్కలోకి తీసుకోదు. వాళ్ళని గుర్తించి పంపించేయమని 2017లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకి రాసింది. పంపేది ఎక్కడికిరా? వాళ్ళ ఊళ్ళు తగలబెట్టిన సైన్యం చేతుల్లోకే కదా.

2019 పౌరసత్వ సవరణ చూడు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ మూడు దేశాల నుంచి, ముస్లింలు కాని ఆరు మతాల వాళ్ళకి, అదీ 2014 డిసెంబర్ 31 లోపు వచ్చినవాళ్ళకే పౌరసత్వం దారి. 1983 నుంచి తమిళనాడు క్యాంపుల్లో మగ్గుతున్న లంక తమిళులు అందులో లేరు. వాళ్ళలో ఎక్కువమంది హిందువులే!

దేశ భద్రత మాటేమిటంటావు, తెలుసు. నేను చట్టం కావాలనేది అందుకు కూడా. వచ్చిన ప్రతి మనిషి వేలిముద్రలు తీసుకుని, కూర్చోబెట్టి అడిగి, ఫలానా గడువులోగా శరణార్థి అవునో కాదో తేల్చాలి. కాదంటే అప్పీలు చేసుకునే దారి ఉండాలి. అప్పుడే ఎవరు ఎక్కడున్నారో ప్రభుత్వానికీ తెలుస్తుంది. ఎంపీ శశి థరూర్ 2015లో ఇలాంటి ప్రైవేటు బిల్లు, అంటే ప్రభుత్వం తరఫున కాక ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు, పెట్టారు, అది చట్టం కాలేదు.

మీవాడు లా చదువుతున్నాడు కదా, ఆ బిల్లులో అప్పీలు ఎవరు వింటారని రాశారో చూసి నాకు ఫోన్ చెయ్యమను. వదినని అడిగానని చెప్పు.

నీ
శ్రీను