ఆక్టేవ్ పెడల్ వేరు, పిచ్ షిఫ్టర్ వేరు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ యువ పేజీలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడి ప్రశ్నకు ఇచ్చిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. గిటార్‌కి ఆక్టేవ్ పెడల్ కొనాలా, పిచ్ షిఫ్టర్ కొనాలా అని ఆ అబ్బాయి అడిగాడు. రెండూ గిటార్‌కీ యాంప్‌కీ (శబ్దం పెంచే పెట్టెకి) మధ్య పెట్టి, కాలితో నొక్కి శబ్దాన్ని మార్చుకునే డబ్బాలే. పిచ్ షిఫ్టర్‌లో ఆక్టేవ్ కూడా వస్తుంది కాబట్టి కాస్త డబ్బు ఎక్కువైనా అదే కొనుక్కోమని మీవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నేను కాకినాడలో పిల్లలకు గిటార్ నేర్పుతూ, పెళ్లిళ్లలోనూ చర్చి కార్యక్రమాల్లోనూ వాయిస్తూ బతుకుతున్నవాణ్ని. ఇలాంటి సలహా పట్టుకుని పెద్ద పెడల్ కొనేసి, వారం తిరక్కుండానే "మాస్టారూ, ఇదేంటి ఇలా మోగుతోంది" అంటూ వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉంటాను. వాళ్లలో చాలామంది ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న డబ్బుతో కొన్నవాళ్లే. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, దయచేసి కత్తిరించకుండా వేయండి.

అసలు తేడా మన సంగీతం తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆక్టేవ్ పెడల్ స్థాయిని మారుస్తుంది, స్వరాన్ని మార్చదు. మీరు మధ్య స్థాయిలో పంచమం వాయిస్తే దాని కింద మంద్ర పంచమం, లేదా పైన తార పంచమం కలుపుతుంది, అంతే. కంపనాల లెక్కలో చూస్తే సగం చేయడం, లేదా రెట్టింపు చేయడం. సెకనుకు 440 కంపనాలుంటే కిందది 220, పైది 880. పిచ్ షిఫ్టర్ అలా కాదు, అది స్వరాన్నే మార్చగలదు. అర మెట్టు (పక్కనున్న స్వరస్థానం వరకు), రెండు మెట్లు, నాలుగో స్వరం, ఐదో స్వరం, ఎక్కడికంటే అక్కడికి జరుపుతుంది. పైగా చాలా పిచ్ షిఫ్టర్లలో మీరు వాయించిన అసలు శబ్దం బయటికి రాకుండా, మార్చిన శబ్దం ఒక్కటే వచ్చేలా పెట్టుకోవచ్చు. అంటే ఆక్టేవ్ పెడల్ పని ముఖ్యంగా కలపడం, పిచ్ షిఫ్టర్ పని ముఖ్యంగా జరపడం. ఇది తెలియకుండా ఏది కొన్నా డబ్బు దండగే.

మన రాగాలు వాయించేవాళ్లకి ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. పిచ్ షిఫ్టర్లలో హార్మనైజర్ అని ఒక రకం ఉంది, బాస్ కంపెనీ పీఎస్-6 లాంటివి. మేజరో మైనరో (పాశ్చాత్య సంగీతంలోని రెండు ముఖ్య స్వర వరుసలు), ఏ కీలో, అంటే ఏ ఆధార స్వరం మీద, వాయిస్తున్నారో చెప్తే మీ స్వరానికి మూడో స్వరాన్నో ఐదో స్వరాన్నో అదే వెతికి జత చేస్తుంది. పాశ్చాత్య పాటలకి హాయిగా ఉంటుంది. దాన్ని మేజర్ మీద పెట్టి మోహనం వాయించి చూడండి. మోహనంలో మధ్యమం లేదు, నిషాదం లేదు. రిషభం మీటగానే మూడో స్వరం పేరుతో పెడల్ మధ్యమం పలుకుతుంది, పంచమం మీటగానే నిషాదం పలుకుతుంది. రాగం అక్కడికక్కడే పోయింది. మాయామాళవగౌళ అయితే శుద్ధ రిషభం దగ్గరే, అంటే రెండో స్వరానికే, మేజర్ స్కేల్‌లో లేని స్వరం వచ్చేస్తుంది, ఇక దానికి ఏం జత చేయాలో పెడల్‌కి పాలుపోదు. ఆక్టేవ్ పెడల్‌తో ఈ గొడవే లేదు. ఏ రాగమైనా సరే, మీరు పలికిందే పలుకుతుంది. కీర్తనలు గిటార్ మీద నేర్చుకుంటున్న పిల్లలకి నేను కళ్లు మూసుకుని ఆక్టేవే చెప్తాను.

ఇక ఆక్టేవ్ పెడళ్లన్నీ ఒకటి కాదు, ఇక్కడే దుకాణాలవాళ్లు సరిగ్గా చెప్పరు. మొదటి రకం 1967లో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వాడిన ఆక్టేవియా వంశం. రోజర్ మేయర్ అనే ఇంజినీరు తయారుచేశాడు. తీగ కంపనాన్ని గీతగా గీస్తే సగం గీతకు పైన, సగం గీతకు కింద ఉంటుంది కదా, ఆ సర్క్యూట్ కింది సగాన్ని పైకి మడుస్తుంది, దాంతో ఒక మిట్ట ఉన్నచోట రెండు మిట్టలై పై స్థాయి వినిపిస్తుంది. దాంతోపాటే ఫజ్, అంటే గరుకైన బొంగురు ధ్వని, కూడా వస్తుంది, విడదీయలేం. ఇది ఎక్కడపడితే అక్కడ పలకదు. మెడ దగ్గరి పికప్ (తీగ కంపనాన్ని పట్టే అయస్కాంత భాగం) వేసి, గిటార్ మీద టోన్ బాగా తగ్గించి, మూడో తీగ పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు అడ్డగీత) దాటాక ఒక్కో స్వరం విడివిడిగా మీటితే పై స్థాయి ఖణేల్మంటుంది. అదే ఆరో తీగ, అన్నిటికన్నా లావుది, ఖాళీగా మీటితే ఉత్త ఫజ్ మాత్రమే వినిపిస్తుంది. దుకాణంలో కుర్రాళ్లు చేసేది ఈ రెండోదే, చేసి "ఇది పనిచేయట్లేదు" అని పక్కన పెట్టేస్తారు.

రెండో రకం బాస్ ఓసీ-2 లాంటివి, 1982లో వచ్చింది. ఇది కంపనాలు లెక్కపెడుతుంది, తీగ రెండుసార్లు కంపిస్తే ఒకసారి మోగుతుంది, కాబట్టి ఒక స్థాయి కింద. ఆ లెక్కనే మళ్లీ సగం చేస్తే రెండు స్థాయిల కింద. లెక్కపెట్టే యంత్రానికి ఒక్క తీగే కావాలి. రెండు తీగలు కలిసి మోగితే ఏది లెక్కపెట్టాలో దానికి తెలియక కింది స్వరం గరగరమంటూ అటూ ఇటూ దూకుతుంది. అది పెడల్ లోపం కాదు, దాని పద్ధతే అంత. కుడి అరచేతి అంచుతో పక్క తీగల్ని నొక్కిపెట్టి, ఎడమచేతి చూపుడు వేలితో మిగతావాటిని ఆనీ ఆననట్టు తాకుతూ వాయించడం నేర్చుకోవాలి. ఆ పద్ధతి అలవాటైతే గిటార్ వాయింపే శుభ్రపడుతుంది, అందుకే నేర్చుకునేవాళ్లకి ఇది మంచి గురువు అంటాను. స్వరం సన్నగిల్లి ఆరిపోయే చివరి క్షణంలో కూడా అది కాస్త తడబడుతుంది. కొందరికి ఆ తడబాటే ఇష్టం, నాకూ ఇష్టమే.

కార్డ్స్, అంటే ఒకేసారి కొన్ని స్వరాలు కలిపి, వాయించాలంటే మూడో రకం కావాలి. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్ల పాగ్, 2005లో వచ్చింది. తర్వాత దాని చిన్న రూపాలు మైక్రో, నానో. ఇవి డిజిటల్. ఆరు తీగలూ ఒకేసారి మీటినా పైనా కిందా శుభ్రంగా కలుపుతాయి, ఆర్గాన్ వాయించినట్టే ఉంటుంది. చర్చిలో కీబోర్డ్ వాయించేవాళ్లు రాని రోజున ఆ ఆర్గాన్ ధ్వని ఎంత ఆదుకుంటుందో వాయించేవాళ్లకే తెలుసు. బాస్ కంపెనీ కూడా 2003లో ఓసీ-3తో కార్డ్స్ పట్టే పద్ధతి తెచ్చింది, 2020లో వచ్చిన ఓసీ-5లో పాత ఓసీ-2 ధ్వని, కార్డ్స్ పట్టే కొత్త పద్ధతి రెండూ పెట్టింది. ఏది కొనాలో తేల్చుకోలేనివాళ్లకి నేనైతే ఈ రెండు పద్ధతులూ ఉన్నదే చెప్తాను. చవకలో కావాలంటే బెరింజర్ వాళ్లది ఉంది, ప్లాస్టిక్ డబ్బా, కాలితో గట్టిగా తొక్కకూడదు గానీ ఇంట్లో నేర్చుకోవడానికి చాలు.

పిచ్ షిఫ్టర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది డిజిటెక్ వామీ, 1989 నాటిది, ఎర్ర డబ్బా, కాలితో తొక్కే పలక ఉంటుంది. తొక్కినకొద్దీ స్వరం జారుతూ పైకో కిందికో పోతుంది. రాక్ గిటారిస్టు టామ్ మొరెల్లో చేతిలో, కాదు కాలి కింద, అది వేరే వాద్యమే అయిపోయింది. 2003లో వచ్చిన 'సెవెన్ నేషన్ ఆర్మీ' పాట మొదట్లో అందరూ బేస్ గిటార్ అనుకునేది కూడా మామూలు గిటారే, గిటారిస్టు జాక్ వైట్ దాన్ని వామీతో ఒక స్థాయి కిందికి దించి వాయించాడు. కాబట్టి పిచ్ షిఫ్టర్‌తో ఆక్టేవ్ పని జరగదని నేను అనడం లేదు. జరుగుతుంది, కానీ దాని ధ్వని వేరు, చేతికి అందే తీరు వేరు.

ఆ తీరు గురించి చెప్పాలి, ఎందుకంటే పిల్లల ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే. డిజిటల్ పిచ్ షిఫ్టర్ మీ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా దాచుకుని, వేగంగానో నెమ్మదిగానో మళ్లీ చదివి, ఆ ముక్కల్ని అతికిస్తుంది. ముక్క దాచుకోవడానికి కొంత సమయం పట్టాలి కదా. గిటార్ ఆరో తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క కంపనం పూర్తవడానికే సుమారు 12 మిల్లీసెకన్లు. స్వరం ఏదో సరిగ్గా తెలియాలంటే ఒకటి రెండు కంపనాలైనా చూడాలి. ఇరవై మిల్లీసెకన్ల ఆలస్యం అంటే యాంప్‌ని ఏడు మీటర్ల అవతల పెట్టుకుని వాయించినట్టు. నెమ్మదైన పాటలో తెలియదు. తబలానో డోలకో పక్కన వేగంగా మీటేటప్పుడు మాత్రం చేయి ఒకచోట, శబ్దం ఒకచోట ఉన్నట్టుంటుంది, వాయించేవాడికి చిరాకు, తాళం వేసేవాడికి టెన్షన్. ఆక్టేవ్ మాత్రమే చేసే పెడళ్లతో నాకు ఈ ఇబ్బంది అంతగా ఎదురవలేదు, అనలాగ్ వాటితో అయితే అసలు లేదనే చెప్పాలి.

మరి పిచ్ షిఫ్టర్ ఎవరు కొనాలి? పాడేవాళ్ల వెనక వాయించేవాళ్లు కొనాలి. మన ఆర్కెస్ట్రాల్లో ఇది రోజూ ఉండేదే, మగవాళ్లు ఒకటిన్నర శ్రుతిలో పాడిన పాటని తర్వాత ఒకమ్మాయి ఐదున్నరలో అడుగుతుంది, ఆ తర్వాత పెద్దాయనెవరో వచ్చి "బాబూ, గొంతు బాలేదు, అర తగ్గించు" అంటారు. పెంచమంటే కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపెట్టే క్లిప్పు) పెట్టుకోవచ్చు. తగ్గించమంటే కాపో పనికిరాదు, ఖాళీ తీగలతో కట్టుకున్న పాటైతే వేళ్లు మొత్తం మార్చుకోవాలి, స్టేజీ మీద ఆరు తీగలూ శ్రుతి దించుతూ కూర్చుంటే జనం ఊరుకోరు. అప్పుడు డిజిటెక్ డ్రాప్ లాంటిది ప్రాణం కాపాడుతుంది. ఒక్క గుండ్రటి మీట, ఒకటి నుంచి ఏడు అర మెట్ల దాకా కిందికి దించుతుంది, కార్డ్స్‌ని కూడా. రెండు మూడు అర మెట్ల వరకు నాకు తేడా తెలియదు. ఐదు దాటాక మాత్రం తీగ ధ్వని పోయి యంత్రం ధ్వని వినిపించడం మొదలవుతుంది.

దీన్ని దుకాణంలో పరీక్షించేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. యాంప్ శబ్దం తగ్గించి వింటే గిటార్ తీగల అసలు శబ్దం కూడా చెవికి నేరుగా వచ్చేస్తుంది. అర మెట్టు దించి ఉంటే ఆ రెండూ కలిసి ఘోరంగా ఉంటాయి, పెడల్ పాడైందేమో అనిపిస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకునైనా, యాంప్ బాగా పెంచైనా వినండి. ట్యూనర్‌ని, అంటే శ్రుతి చూపే పరికరాన్ని, ఈ పెడల్‌కి ముందు పెట్టండి, లేదంటే తీగ శ్రుతి చూడబోతే దించిన శ్రుతి చూపిస్తుంది. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసే పెడల్) ఉంటే అది కూడా తర్వాతే రావాలి, ఆక్టేవ్ అయినా పిచ్ అయినా ముందు శుభ్రమైన శబ్దం తీసుకుంటేనే స్వరాన్ని సరిగ్గా పట్టుకుంటాయి.

వామీతో గమకాలు పలికించొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుడు వస్తుంది, నిజమే, సరదాగా ఉంటుంది. కానీ కాలి కింద పలక కదలిక వేలి కొస కదలికంత సూక్ష్మంగా ఉండదు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు గమకాల కోసం వాద్యాన్నే మార్చుకున్నారు, జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. గమకం కావాలనుకునేవాళ్లు ముందు సన్న తీగలు వేసుకుని వేళ్లతో లాగడం సాధన చేయండి, అది అలవాటయ్యాకే వామీ సంగతి.

బేస్ గిటార్ వాయించేవాళ్లు లేని చిన్న బృందాలకి కింది స్థాయి ఆక్టేవ్ మంచి దారి. అయితే మీ యాంప్ ఎంత పెద్దదో చూసుకోండి. ఆరో తీగకి ఒక స్థాయి కింద అంటే సెకనుకు 41 కంపనాలు. ఇంట్లో పెట్టుకునే పది వాట్ల యాంప్ అంత కిందికి పలకలేదు, బురదబురదగా ఏదో వినిపిస్తుంది, పెడల్‌ని తిట్టుకుంటారు. పెద్ద స్పీకర్లున్న స్టేజీ మీద అదే పెడల్ గుండెల్లో మోగుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఇంకొక్క మాట. చాలా పెడళ్లకి 9 వోల్టుల డీసీ అడాప్టర్ కావాలి, అందులో మధ్య పిన్ నెగటివ్. బజారులో దొరికే మామూలు అడాప్టర్లలో చాలావాటికి మధ్య పిన్ పాజిటివ్ ఉంటుంది, మీద గుర్తు చూడకుండా గుచ్చకండి. నాలుగో తరం వామీకైతే డీసీ కాదు, 9 వోల్టుల ఏసీ కావాలి. పెడల్ చవకగా వచ్చిందని తీసుకుని ఆ అడాప్టర్ కోసం ఊరంతా తిరిగిన కుర్రాడు మా క్లాసులోనే ఉన్నాడు. అన్నిటికంటే ముందు, మీ దగ్గర ఇప్పటికే మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ (ఒకే డబ్బాలో చాలా ఎఫెక్టులు ఉండేది) ఉంటే అందులో వెతకండి, చాలావాటిలో ఆక్టేవ్, పిచ్ షిఫ్ట్ రెండూ ఉంటాయి. ఒక నెల వాటినే వాడి చూస్తే మీకు ఏది అవసరమో మీ చేతికే తెలుస్తుంది.

మీ పత్రికలో ప్రతివారం కొత్త ఫోన్ల గురించి అర పేజీ వస్తోంది, ఏ కెమెరా ఎలా ఉందో, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో పూసగుచ్చినట్టు రాస్తారు. వాద్య పరికరాల గురించి తెలుగులో ఇలా ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ, అందుకే పిల్లలు దుకాణంవాళ్ల మాట మీదే ఆధారపడుతున్నారు. నెలకొకసారైనా వాయించేవాళ్ల చేత రాయించండి. ప్రస్తుతానికి వచ్చే ఆదివారం అదే పేజీలో ఆ జవాబును సవరించి, డబ్బు కట్టేముందు తన బృందంలో బేస్ ఉందా, కార్డ్స్ ఎక్కువ వాయిస్తాడా ఒంటి స్వరాలా, పాడేవాళ్లు శ్రుతి తగ్గించమంటున్నారా అన్నది చూసుకోమని ఆ అబ్బాయికి చెప్పండి. శ్రుతి గొడవ ఉంటేనే పిచ్ షిఫ్టర్, లేకపోతే ఆక్టేవ్.

ఇట్లు,
ఒక గిటార్ మాస్టారు,
కాకినాడ