ఏకగ్రీవానికి నజరానా ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా జిల్లా పేజీలో ఒక ఫొటో తప్పనిసరిగా కనిపిస్తుంది. మెడ నిండా దండలతో కొత్త సర్పంచి, చుట్టూ ఊరి పెద్దలు, పైన ‘ఐకమత్యం చాటిన గ్రామం’ అని శీర్షిక. పోటీ లేకుండా ఎన్నిక ముగిసిందనీ, ప్రభుత్వ ప్రోత్సాహకం రాబోతోందనీ కింద నాలుగు వాక్యాలు. నేను పల్నాడు ప్రాంతంలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఫొటో చూస్తే నాకు సంతోషం కంటే ముందు అనుమానమే కలుగుతుంది. ఊళ్ళో ఎవరి నోరు మూయించారో అని.

ఈ ప్రోత్సాహకం చిన్న సొమ్మేమీ కాదు. 2021 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన ప్రకారం, 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే 5 లక్షలు, 5 వేల వరకు 10 లక్షలు, 10 వేల వరకు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. ఆ ఎన్నికల్లో రెండు వేలకు పైగా పంచాయతీలు ఏకగ్రీవమయ్యాయి. తెలంగాణలోనూ ఇలాంటి ఆశ చూపించారు. గుజరాత్ ‘సమరస్’ పేరుతో 2001 నుంచీ ఇస్తోంది. అధికారంలోకి ఎవరు వచ్చినా ఈ పద్ధతి మాత్రం అందరికీ నచ్చుతుంది. ఎందుకు నచ్చదు?

దీన్ని సమర్థించేవారి వాదన కొట్టిపారేసేది కాదని ఒప్పుకుంటాను. మా ప్రాంతంలో పంచాయతీ ఎన్నిక అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ పది రోజుల్లో పుట్టిన పగ పదేళ్ళు ఉంటుంది. వరసకు అన్నదమ్ములు ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు వెళ్ళరు. కేసులు, వాయిదాలు, మధ్యలో మందు, డబ్బు. నాతో పనిచేసిన ఒకాయన ఇప్పటికీ అంటాడు, “ఊరు ప్రశాంతంగా ఉండి, పైగా పది లక్షలు వస్తుంటే నీకు వచ్చిన బాధేమిటి?” అని. అయితే పోటీ తప్పించినంత మాత్రాన ఆ పగ పోదు, లోపలికి పోతుంది. పైకి కనిపించే ప్రశాంతతకు ఊరు ఏం చెల్లిస్తోందో కూడా లెక్క చూడాలి కదా.

నామినేషన్ వేసిన రోజు నుంచి పోలింగ్ దాకా ఉండే ఆ కొద్ది రోజుల్లోనే ఊరి లెక్కలు బయటికి వస్తాయి. చెరువులో చేపల పాట ఎంతకు పోయింది, ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టారు, వీధి దీపాల పేరు చెప్పి ఎన్ని బల్బులు కొన్నారు, ఎస్సీ కాలనీకి వెళ్ళాల్సిన పైపులైను మలుపు దగ్గరే ఎందుకు ఆగింది. ఎదుటి అభ్యర్థి ఇంటింటికీ తిరిగి ఇవన్నీ అడుగుతాడు. ఊరి మీద ప్రేమతో అడుగుతాడని నేను అనను, కుర్చీ మీద ప్రేమతోనే అడుగుతాడు. అడగనివ్వండి. మిగతా ఐదేళ్ళలో ఆ ప్రశ్నలు అంత గట్టిగా అడిగే మనిషి దొరకడు.

రిజర్వు స్థానాల సంగతి మరీ ఘోరం. దళితులకో, మహిళలకో కేటాయించిన పదవికి ఎవరు ఉండాలో ఆ వర్గంతో సంబంధం లేని నలుగురు పెద్దలు రచ్చబండ దగ్గర తేల్చేస్తారు. గుడి కట్టడానికి ఇంత ఇస్తామని పాట పాడి పదవి దక్కించుకున్న ఉదంతాలు రెండు రాష్ట్రాల పత్రికల్లోనూ వచ్చాయి.

ఇక మినిట్స్ పుస్తకం గురించి చెప్పాలి. నా ఉద్యోగంలో సగం దానితోనే గడిచింది. ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అన్న వాక్యం నా చేతికి నిద్రలో కూడా వచ్చేది. ఒక ఊళ్ళో మంచినీటి బోరు ఎక్కడ వేయాలన్న అంశం సమావేశానికి వచ్చింది. స్థలం ముందే అనుకున్నారు, సంతకాలే తరువాయి. ఓడిపోయిన వర్గం తరఫున గెలిచిన ఒక వార్డు సభ్యురాలు లేచి, అక్కడ ఉప్పునీళ్ళు పడతాయని అడ్డం తిరిగింది. సర్పంచి నవ్వి, “నీకు నీళ్ళ సంగతి ఏం తెలుసమ్మా” అన్నాడు. ఆమె ఆయనతో మాట్లాడకుండా నా వైపు తిరిగి, “సెక్రటరీ గారూ, నేను ఒప్పుకోలేదని పుస్తకంలో రాయండి. రాస్తేనే సంతకం పెడతాను” అంది. రాశాను. పుస్తకంలోకి ఎక్కాక ఎవరూ నవ్వి ఊరుకోలేరు. రేపు ఆడిట్‌లో అడిగితే సమాధానం చెప్పాలి. చుట్టుపక్కల పొలాల్లోని బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టించి పరీక్షకు పంపించాం.

ఆమె అన్నది తప్పని తేలింది. నీళ్ళు బాగానే ఉన్నాయి, బోరు అక్కడే వేశారు. అయినా ఆమె అడ్డం తిరగడం వల్ల ఆ ఊరికి జరిగిన మేలు నాకు తెలుసు. ఆ పరీక్ష ఫలితం ఆఫీసు గోడకు అంటించాం. ఆమె వీధి వాళ్ళు మొదటి రోజు నుంచే ఆ కుళాయి నీళ్ళు పట్టుకున్నారు. ఆమె నోరు మూయించి ఉంటే, నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నా, ‘వాళ్ళ బోరు’ అనే పేరు దానికి పోయేది కాదు.

పైనున్న సభల్లోనూ ఇదే జాడ్యం. 2017 చివర్లో వైఎస్సార్ కాంగ్రెస్ శాసనసభకు రావడం మానేసింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు గారు తన కుటుంబాన్ని అవమానించారంటూ, మళ్ళీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని సభ విడిచి వెళ్ళారు. 2024లో 175 స్థానాలకు 11 గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని మళ్ళీ దూరం జరిగింది. ఎవరి కారణాలు వారికి ఉండవచ్చు. ఖాళీ బెంచీల ముందు పద్దులు చదువుకుంటే మాత్రం అది మా మినిట్స్ పుస్తకంలో వాక్యమే అవుతుంది. మా సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారు మంత్రి కాలేదు, అయినా సభలో ఆయన లేచి నిలబడితే ప్రభుత్వం సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మంచి పని. వాటిలో ఎన్ని చోట్ల ‘నేను ఒప్పుకోను’ అన్న మాట పుస్తకానికి ఎక్కిందో ఆ లెక్క కూడా తీయిస్తే బాగుండేదని అనిపించింది.

ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఇవ్వనివ్వండి, కాకపోతే ఇచ్చే షరతు మార్చాలి. పోటీ చేసిన అభ్యర్థులందరూ పోలింగ్‌కు ముందు రచ్చబండ దగ్గర ఒకే వేదిక మీద నిలబడి, ఊరి జమాఖర్చుల మీద జనం అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పిన గ్రామాలకు ఇవ్వాలి. గొడవలు లేకుండా ఎన్నిక జరుపుకున్న ఊళ్ళకు ఇవ్వాలి. పోటీయే లేని ఊళ్ళకు ఎందుకు?

మీకు ఒక విన్నపం. ఈసారి దండలు వేసుకున్న సర్పంచి ఫొటో మీ పేజీకి వస్తే, నామినేషన్ వేసి ఉపసంహరించుకున్న మనిషి దగ్గరికి కూడా మీ విలేకరిని పంపండి. ఎందుకు తప్పుకున్నారని అడగమనండి. ఆ జవాబు కూడా అదే ఫొటో కింద అచ్చు వేయండి.

– ఒక విశ్రాంత పంచాయతీ కార్యదర్శి,
సత్తెనపల్లి, పల్నాడు జిల్లా