చెరువు నీళ్ల పరిశీలన: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఎండలు ముదిరినప్పుడు మన చెరువుల్లో చేపలకు ఊపిరి ఎప్పుడు తగ్గుతున్నది, ఎందుకు తగ్గుతున్నది? ఈ ఏడు సంఘం పనంతా ఈ ప్రశ్న చుట్టే సాగింది. వాతావరణ మార్పంటే సముద్రం సంగతి కదా, చెరువుకేంటి అన్నవాళ్లూ ఉన్నారు. సూత్రం రెండుచోట్లా ఒకటే: నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్‌ను పట్టి ఉంచలేవు. మంచినీళ్లలో 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అదే వేడికి సముద్రపు ఉప్పునీళ్లలో ఆరు పైచిలుకు. సముద్రం లోపలి వేడిని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆర్గో అనే తేలే పరికరాలతో కొలుస్తుంది. అవి పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి తేలతాయి. మనకున్నవి తెప్ప, సీసా, థర్మామీటర్.

వేళ విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. కొలత తెల్లవారకముందే, గుర్తు పాతిన చోటే, మోకాలి లోతులోనే. పాచి పట్టి పచ్చబడ్డ చెరువులో మధ్యాహ్నం కొలిస్తే ఆక్సిజన్ పొంగిపొర్లుతున్నట్టు కనిపిస్తుంది. రాత్రంతా ఆ పాచే దాన్ని పీల్చేస్తుంది. మధ్యాహ్నపు అంకె చూసి ధైర్యపడితే తెల్లారేసరికి చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. బొచ్చె, రవ్వులకు 5 మిల్లీగ్రాములుంటే నిశ్చింత, 3కు దిగితే కష్టకాలం. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి అది బతికుందని చెరువు బాగుందనుకోవద్దు.

ఎక్కువ తప్పులు సీసా దగ్గరే జరుగుతాయి. 300 మిల్లీలీటర్ల గాజు సీసాలోకి నీళ్లు ధారగా పోయొద్దు, బయటి గాలి కలిసి అంకె పెరుగుతుంది. సన్నని గొట్టం అడుగుకు తాకించి, సీసా రెండు మూడింతలు పొర్లేదాకా నింపాలి. బుడగ ఒక్కటి మిగిలినా పారబోసి మళ్లీ పట్టాలి. మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ ఒక్కో మిల్లీలీటరు చొప్పున పిపెట్ మొన నీళ్లలో ముంచి వదలాలి. గోధుమరంగు ముద్ద దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగా దిగితే లేనట్టే, ఆ పొద్దు ఆ చెరువు సొసైటీవాళ్లకు వెంటనే ఫోన్ చేయాలి. ముద్ద పేరుకున్నాక సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరు వేసి మూత బిగించి కలిపితే అది కరిగి పసుపు ద్రావణమవుతుంది. అందులో 200 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ బలమున్న థయోసల్ఫేట్ ద్రావణం రంగు పోయేదాకా చుక్కలుగా వదిలితే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. పసుపు రంగు లేతబడ్డాకే గంజి ద్రావణం వేయాలి, అప్పుడు నీలం వస్తుంది. ముందే వేస్తే ఆ నీలం సరిగా విరగదు. థయోసల్ఫేట్ నిలవుంటే బలం తగ్గుతుంది, అప్పుడు లేని ఆక్సిజన్ ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే దాని బలాన్ని ఎప్పటికప్పుడు సరిచూస్తున్నాం.

చేపలు నోళ్లు తెరవగానే సున్నం చల్లే అలవాటు గట్టిగా పాతుకుపోయింది. ఎండాకాలం పచ్చనీళ్లలో పీహెచ్, అంటే క్షారగుణపు కొలత, అప్పటికే ఎక్కువుంటుంది. సున్నంతో ఇంకా పెరిగితే నీళ్లలోని అమ్మోనియా విషంగా మారుతుంది, వేడి దానికి తోడవుతుంది. ముందు పేడ, మేత ఆపాలి. వీలుంటే మోటారుతో చెరువు నీళ్లనే చిమ్మించాలి. లాభం లేకపోతే పెద్ద చేపను ముందే పట్టి అమ్ముకోవడమే మేలు.

వానల లెక్క వేరు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు పడింది. అలాంటి వాన తర్వాత బురదనీళ్లలో వెలుతురు దిగదు, పాచి ఆక్సిజన్ చేయదు, కొట్టుకొచ్చిన చెత్త కుళ్లి ఉన్నదీ తింటుంది. మత్తడి దుంకిందని అందరూ సంబరపడే వారమే చేపలకు ఇబ్బంది. అందుకని పెద్దవాన పడ్డ మర్నాటి నుంచి వారం రోజులు రోజూ కొలవాలని తీర్మానించాం.

చెరువులవారీ అంకెల పట్టిక, జమాఖర్చుల పత్రం ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. వచ్చే ఏడు తూముల దగ్గర నీటిమట్టం కొలబద్దలకు రంగు వేయించాలి, గీతలు చెరిగిపోయాయి. కొత్తగా చేరేవాళ్లు ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ లేకుండా తెప్ప ఎక్కొద్దు. ఆమ్లం సీసా పట్టేవాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు సంఘమే ఇస్తుంది.